సస్సెక్సు సవ్యసాచి మారిస్ టేటు

ఇంగ్లండు క్రికెట్టు చరిత్రయందు టేటు అను పేరు రెండు విధములుగా నిలిచియున్నది. తండ్రి ఫ్రెడ్ టేటు ఒక్క క్యాచి జారవిడిచినవాడుగా నిలిచెను. కొడుకు మారిస్ టేటు సస్సెక్సు కౌంటీకి పాతికేండ్లు ఊడిగము చేసి, మొత్తముమీద 2,784 వికెట్లు పడగొట్టి, 21,717 పరుగులు తీసిన సవ్యసాచిగా నిలిచెను. కొడుకు కథ చెప్పబూనినవారందరును తండ్రి కథతోనే యారంభింతురు. మేమును అటులే చేయుచున్నాము. ఆ తండ్రిపై లోకము చెప్పిన తీర్పు న్యాయమైనదని నమ్మి మాత్రము కాదు.

ఫ్రెడ్ టేటు 1887 మొదలు 1905 వరకు సస్సెక్సు పక్షమున ఆడిన వృత్తి క్రీడాకారుడు. కూలి పుచ్చుకొని ఆడువారిని ఆ దేశమున వృత్తివారనియు, కూలి లేక వినోదార్థము ఆడు ధనికులను పెద్దమనుష్యులనియు పిలిచెడివారు. ఫ్రెడ్ మొదటి తెగకు చెందినవాడు. మందగతితో ఆఫ్ బ్రేకు బంతులు వేయుట ఆయన విద్య. మన రంజిత్ సింహజీ సస్సెక్సు మైదానమున బ్యాటుతో ఇంద్రజాలము చేయుచున్న దినములలో, ఆ జట్టునకే బంతి వేయు భారమును మోసినవారిలో ఫ్రెడ్ ఒకడు. ఆయన జీవితమున పడగొట్టిన వికెట్లు 1,331. అందు 180 వికెట్లు 1902 సంవత్సరపు ఒక్క వేసవిలోనే లభించెను. వర్షములు ముమ్మరముగా కురిసిన వేసవి యది. తడినేల ఆయనకు చెలికాడు. అందుచేతనే ఆ సంవత్సరము మాంచెస్టరు నగరమున ఆస్ట్రేలియాతో జరుగు నాలుగవ టెస్టునకు ఎంపిక సంఘమువారు ఆయనను పిలిచిరి. మహాబలశాలియైన జార్జి హర్స్టును ప్రక్కనబెట్టి ఫ్రెడ్ టేటును జట్టులోనికి తీసికొనిరి. ఆట యారంభమైన జూలై 24వ తేదీ ఆయన ముప్పదియైదవ పుట్టినరోజు.

ఆ పందెమున జరిగిన దానిని క్రికెట్టు తెలిసినవారు నేటికిని చెప్పుకొందురు. ఆస్ట్రేలియావారు రెండవ ఇన్నింగ్సులో 10 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకొని యుండిరి. వారి నాయకుడు డార్లింగ్ ఎడమచేతివాటము వాడు. బ్రౌండ్ వేసిన బంతిని ఆయన ఎత్తి కొట్టెను. ఆ మూల సరిహద్దునొద్ద అలవాటుగా నిలుచు మనుష్యుని కాదని, స్లిప్పులయందు నిలుచుట మాత్రమే యెరిగిన ఫ్రెడ్ టేటును అచ్చటికి పంపియుండిరి. బంతి చేతికి వచ్చెను, జారెను. డార్లింగ్, గ్రెగరీ ఇరువురును కలసి 54 పరుగులు చేర్చిరి. ఆస్ట్రేలియా ఆట 86కు ముగిసినది. ఇంగ్లండు గెలువవలెనన్న 124 కావలెను. 3 వికెట్లకు 92 వరకు సాగిన జట్టు చేతికి వచ్చిన గెలుపును చేజార్చుకొని 9 వికెట్లకు 116 దగ్గర నిలిచెను. కావలసినవి 8 పరుగులు. చివరి మనిషి ఫ్రెడ్ టేటు. ఆయన మైదానమున అడుగిడు సమయమున వర్షము వచ్చి ముక్కాలుగంట సేపు ఆట నిలిచెను. ఆ ముక్కాలుగంట ఆయన ఏమి తలపోసెనో ఎవ్వరికి తెలియును? వర్షము వెలిసినది. శాండర్స్ వేసిన మొదటి బంతి బ్యాటు అంచున తగిలి నాలుగు పరుగులైనది. నాలుగవ బంతి స్టంపులను పడగొట్టెను. మూడు పరుగులలో ఆటయు, దానితోపాటు ఆ వేసవి టెస్టు శ్రేణియు పోయినవి.

దోషమంతయు ఫ్రెడ్ టేటుదే యని ప్రజలు తీర్మానించిరి. ఈ తీర్మానమును కొంచెము పరిశీలింతము. ఆయన కంటె ముందు రంజిత్ సింహజీ, ఏబెల్, జాక్సన్ వంటి మహామహులతో సహా ఆరుగురు 24 పరుగుల వ్యవధిలో వెడలిపోయిరి. వారి పేర్లను ఎవ్వరును తలంపరు. ఆస్ట్రేలియా రెండవ ఇన్నింగ్సులో ఫ్రెడ్ తాను 7 పరుగులు మాత్రమే ఇచ్చి రెండు వికెట్లు తీసెను. దానినిన్నీ ఎవ్వరును తలంపరు. అలవాటులేని తావున ఆయనను నిలిపినది నాయకుడు. నిందకు గురియైనది కూలివాడు. ఆయనకు మరల టెస్టు ఆడు అవకాశము రాలేదు. 1,331 వికెట్ల కష్టము ఒక్క క్యాచి మరుగున పడిపోయెను.

ఆ సాయంకాలము ఆయన కన్నీరు పెట్టుకొని, నేను చేసిన తప్పును దిద్దగల పిల్లవాడొకడు మా యింట పెరుగుచున్నాడని తోటి ఆటకాడు బ్రౌండ్‌తో అనెనని ఒక కథ వ్యాప్తిలో నున్నది. కొడుకు ప్రఖ్యాతుడైన పిమ్మట ఇటువంటి కథలు పుట్టుటయు, పుట్టినవి చక్కబడుటయు సహజము. నిజమైనను కాకున్నను, ఆ పిల్లవానికి అప్పటికి ఏడేండ్లు.

మారిస్ విలియమ్ టేటు 1895వ సంవత్సరము మే 30వ తేదీన బ్రైటన్ పట్టణమున జన్మించెను. 1912లో, పదునేడవ యేట, సస్సెక్సు జట్టులో ప్రవేశించెను. తండ్రివలెనే మెల్లగా ఆఫ్ బ్రేకులు వేయువాడు. ఆ బంతులలో విశేషమేమియు లేదు. కొలది కాలములోనే మహాయుద్ధము వచ్చెను. అందరివలె ఆయనయు సైన్యమున పనిచేసెను. యుద్ధానంతరము ఆయనను నిలబెట్టినది బంతి కాదు, బ్యాటు. నిర్భయముగా, బలముగా కొట్టువాడగుటచే ఇన్నింగ్సు ప్రారంభించుటకు సైతము పంపుచుండిరి. 1921లో హోవ్ మైదానమున నార్తాంప్టన్‌షైరుపై బౌలీతో కలసి రెండవ వికెట్టునకు 385 పరుగులు చేర్చెను. అందు ఆయన సొంతము 203. ఆయన జీవితమున అదియే గరిష్ఠము. ఇంతటితో ఆయన చరిత్ర ఆగిపోయియుండినచో, సస్సెక్సువారు మాత్రము జ్ఞాపకముంచుకొను మంచి కౌంటీ ఆటగాడుగా మిగిలియుండెడివాడు.

1922లో మార్పు వచ్చెను. అప్పటికి ఆయనకు ఇరువదియేడేండ్లు. వృత్తివాడొకడు ఆ వయస్సున తాను నేర్చిన విద్యను వదలి క్రొత్తవిద్య నారంభించుట సామాన్యము కాదు. ఈ మార్పును గూర్చి రెండు కథలు గలవు. హాంప్‌షైరు ఆటగాడు ఫిల్ మీడ్ ఎంతకును కదలక విసిగించుచుండగా, మారిస్ విసుగుతో ఒక బంతిని బలముకొలది వేసెననియు, అది నేలదాకి మెరుపువలె దూసికొనిపోయి స్టంపులు పడగొట్టెననియు ఒక కథ. సస్సెక్సు నాయకుడు ఆర్థర్ గిల్లిగన్ నెట్సులో బ్యాటు పట్టుకొని నిలువగా, మారిస్ వేగముగా వేసిన బంతులు వరుసగా ఆయనను మోసగించెననియు, అప్పుడే గిల్లిగన్ ఇకమీదట ఇటులే వేయవలసినదని యాజ్ఞాపించెననియు మరియొక కథ. రెండును నిజమే కావచ్చును. నాయకుని కన్ను దానిని గుర్తించి యుండనిచో విసుగుతో వేసిన ఆ బంతి ఒక్కనాటి వేడుకగా పోయెడిది. తండ్రికి దొరకని నాయకుడు కొడుకునకు దొరకెనని మా యభిప్రాయము.

ఆయన బంతి వేయు తీరు చూచుటకు అతి సులభము. ఆరడుగుల మనిషి, విశాలమైన భుజములు, పత్రికలవారి హాస్యచిత్రములకు ప్రీతిపాత్రములైన పెద్ద పాదములు. పట్టుమని పది యడుగులైనను లేని చిన్న పరుగు. చేయి నిటారుగా తిరిగి బంతి వెడలును. గాలిలో నది ఆలస్యముగా వంగును; నేలదాకిన పిమ్మట కొన్నిమారులు ఎదురుదిక్కునకు మరలును. నేలదాకిన బంతి వేగము హెచ్చుచున్నట్లు తోచెడిదని ఆయన నెదుర్కొన్నవారందరును ఏకవాక్యముగా చెప్పిరి. అట్టి బంతికి వేగము నిజముగా హెచ్చదని శాస్త్రజ్ఞులందురు. తేలికయైన పరుగును, చిన్న అడుగులను చూచి బ్యాటు పట్టినవాడు మెత్తని బంతి వచ్చునని తలచును. ఆ భుజముల బలము చివరి క్షణమున గాని తెలియదు. మోసము నేలయందు గాక కంటియందు కలదన్నమాట. ఏమైనను స్టంపులు పడుట మాత్రము మిథ్య కాదు. ఇట్టి బంతులకు కూడ సస్సెక్సు వికెట్టుకీపరు కార్న్‌ఫర్డ్, అయిదడుగుల పొట్టివాడు, స్టంపులను ఆనుకొని నిలువగలిగెడివాడు. హోవ్ మైదానమునకు సముద్రము చేరువ. ఉదయపు తేమగాలిలో ఆ యిరువురిని చూచుటకే జనులు పెందలకడ వచ్చుచుండిరట.

ఇక లెక్కలు. ఒక వేసవిలో 1,000 పరుగులు, 100 వికెట్లు సాధించుటను ఇంగ్లండున సవ్యసాచిత్వమునకు గురుతుగా నెంచెడివారు. మారిస్ టేటు 1922 మొదలు 1929 వరకు ఎనిమిది వేసవులు వరుసగా దానిని సాధించెను. అందులో మూడేండ్లు మరియు విశేషమైనవి. 1923లో 219 వికెట్లు, 1,168 పరుగులు. 1924లో 205 వికెట్లు, 1,419 పరుగులు. 1925లో 228 వికెట్లు, 1,290 పరుగులు. వేయి పరుగులతోపాటు రెండువందల వికెట్లు ఒక వేసవిలో తీసినవారు చరిత్రలో ముగ్గురే: ట్రాట్, కెన్నెడీ, టేటు. మూడు వేసవులు వరుసగా తీసినవాడు టేటు ఒక్కడే. 1925లో ఆయన వేసిన బంతులు పదివేలకు పైబడినవి. మే నెల మొదలు సెప్టెంబరు వరకు వారమునకు ఆరు దినములు, ఒక యూరినుండి మరియొక యూరికి రాత్రి రైలులో ప్రయాణము చేయుచు వేసిన బంతులివి. అన్ని బంతులు వేసిన చేతితోనే మరల బ్యాటు పట్టి వేయి పరుగులు తీయుట యన, అది శరీరమా ఇనుమా యని సందేహము కలుగును.

1924 జూన్‌లో బర్మింగ్‌హామున దక్షిణాఫ్రికాపై ఆయనకు మొదటి టెస్టు లభించెను. టెస్టులలో ఆయన వేసిన మొట్టమొదటి బంతికే సస్కిండ్ క్యాచి ఇచ్చి వెడలెను. ఆ ఇన్నింగ్సులో దక్షిణాఫ్రికావారు చేసినది 30 పరుగులు. అందులో 11 బ్యాటునుండి రాని అదనపు పరుగులు. గిల్లిగన్ 7 పరుగులకు 6, టేటు 12 పరుగులకు 4 వికెట్లు తీసిరి. ఒక్క గంట లోపున సస్సెక్సు జంట ఒక దేశపు జట్టును ఊడ్చివేసినది. కాని యా జంట ఆయువు అల్పము. మరుసటి నెలలోనే ఓవల్ మైదానమున ఒక బంతి గిల్లిగన్ గుండెకు తగిలెను. పట్టుదల కొలది ఆయన మరునాడే వంద పరుగులు చేసెను గాని, పూర్వపు వేగముతో బంతి వేయుట మరి సాధ్యము కాలేదు. రెండు భుజములపై నున్న బరువు ఒక భుజముపై పడినది.

ఆ బరువు ఎంతటిదో 1924-25 శీతకాలమున ఆస్ట్రేలియాలో తెలియవచ్చెను. గిల్లిగన్ నాయకత్వమున వెళ్ళిన ఇంగ్లండు జట్టు ఐదు టెస్టులలో నాలుగు ఓడెను. అయినను ఓడిన జట్టునందలి టేటును ఆస్ట్రేలియావారు నెత్తిన పెట్టుకొనిరి. సిడ్నీ మొదటి టెస్టులోనే ఆయన పదునొకండు వికెట్లు తీసెను. ఆనాడు తొలిసారి టెస్టు ఆడుచున్న పాన్స్‌ఫర్డ్ టేటు బంతి ఎటు పోవునో తెలియక తబ్బిబ్బగుచుండగా, నాయకుడు కాలిన్స్ టేటు బంతులను తానే యెదుర్కొని ఆ పిల్లవానిని కాచెను. కాచినందులకు ఫలముగా పాన్స్‌ఫర్డ్ వంద చేసెను. అడిలైడులో టేటు కాలివ్రేలు దెబ్బతినెను. గిల్లిగన్, ఫ్రీమన్‌లు సైతము గాయపడిరి. ఆ యాట ఇంగ్లండువారు 11 పరుగులలో ఓడిరి. టేటు కాలు బాగుండినచో ఏమగునో యని నేటికిని తర్కించుకొనువారు కలరు. తరువాత మెల్‌బోర్నులో ఆ గాయము మానీ మానని కాలితోనే దిగి రెండవ ఇన్నింగ్సులో 75 పరుగులకు 5 వికెట్లు తీసి గెలిపించెను. ఇంగ్లండువారు ఆస్ట్రేలియాపై టెస్టు గెలుచుట 1912 తరువాత అదే మొదలు.

ఆ ఐదు టెస్టులలో ఆయన 2,528 బంతులు వేసి 38 వికెట్లు తీసెను. వికెట్టునకు 23 పరుగుల చొప్పున పడినది. ఆ రెండు దేశముల నడుమ ఒక శ్రేణిలో అంతటి సంఖ్య అంతకుముందు ఎవ్వరికిని లేదు. అలెక్ బెడ్సర్ 1953లో 39 తీసినాడు, అది సొంతగడ్డపైన. ఆస్ట్రేలియాగడ్డపై టేటు 38ని దాటిన ఇంగ్లండు బౌలరు నేటివరకు లేడు. మనకు స్మరింపదగిన విషయము మరియొకటి గలదు. ఇన్ని వికెట్లు తీసినవాడు ఓడిన జట్టులోనివాడు. గెలుచు జట్టున బౌలరునకు విశ్రాంతి దొరకును, ఇతరుల సాయము దొరకును. టేటునకు రెండును లేవు. అలసినవానిని మరల పిలిచి బంతి చేతికిచ్చుటయే ఇంగ్లండువారి యుద్ధతంత్రముగా నుండెను. ఆయన నవ్వుచు పుచ్చుకొనెడివాడు. మాటకారి, కలుపుగోలు మనిషి. బంతి అంచు తప్పి పోయినప్పుడు రెండు చేతులు పైకెత్తి ఆకాశమువంక చూచుట ఆయన అలవాటు.

ఇచ్చట వృత్తివారి స్థితిని గూర్చి ఒక మాట. ఆనాటి ఇంగ్లండున పెద్దమనుష్యులకు వేరు గది, వృత్తివారికి వేరు గది. కొన్ని మైదానములలో లోనికి వచ్చు ద్వారములు సైతము వేరు. ఆటపట్టికలో అచ్చువేయు పేర్లయందు సైతము భేదముండెడిది: ఒకరికి ముందు శ్రీయుత పదము లేక పేరిటి పొడియక్షరములు, మరియొకరికి వట్టి యింటిపేరు. జట్టుకు నాయకుడు పెద్దమనుష్యుడే కావలెను. ఈ భేదము 1962 వరకు తొలగలేదు. అంటరానితనమును మనదేశమున చూచి మనలను నిందించిన ఇంగ్లీషువారు తమ ఆటస్థలములో దీనిని యెట్లు కానకపోయిరో మాకు బోధపడదు. గిల్లిగన్, టేటుల మధ్య చక్కని స్నేహముండెను. అయినను ఒకే మైదానమునకు వారు రెండు గదులనుండి వచ్చెడివారు.

ఆ గిల్లిగన్ నాయకత్వముననే 1926-27 శీతకాలమున మెరిలిబోను క్లబ్బు జట్టుతో టేటు మన దేశమునకు వచ్చెను. సింధు మొదలు సింహళము వరకు, బర్మాతో సహా, ఆ జట్టు ముప్పదికి పైగా పందెములాడెను. టేటు ఆ యాత్రలో ప్రథమశ్రేణి పందెములందు 1,193 పరుగులు చేసి 116 వికెట్లు తీసెను. ఇంగ్లండు వెలుపల ఒక యాత్రలో వేయి పరుగులు, వంద వికెట్లు కలిపి సాధించినవాడు ఆయన తప్ప మరియొకడు లేడు. కాశ్మీరపు గొంగళి కప్పుకొనవలసిన చలి యొకచోట, నేల పగులగొట్టు ఎండ మరియొకచోట. చాపపరచిన పిచ్ ఒకచోట, పచ్చిక మరియొకచోట. అన్నిచోట్లను ఆ చిన్న పరుగు, ఆ నిటారు చేయి ఒక్కటే.

అయితే ఆ యాత్ర మనవారికి స్మరణీయమగుటకు కారణము వేరొకటి. 1926 డిసెంబరు 1వ తేదీన బొంబాయి జింఖానా మైదానమున హిందూ జట్టు పక్షమున సి. కె. నాయుడు టేటు వచ్చిన యా జట్టుపైననే రెండు గంటలలోపున 153 పరుగులు కొట్టెను. అందు పదునొకండు సిక్సర్లు. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున పుట్టిన నాయుడును, బ్రైటన్‌లో పుట్టిన టేటును ఒక యేటివారే; టేటు మే నెలలో, నాయుడు అక్టోబరులో. భారతదేశము ఇక టెస్టులాడ దగినదని గిల్లిగన్ గ్రహించెను. 1927 ఫిబ్రవరిలో ఢిల్లీ రోషనారా క్లబ్బునందు పాటియాలా మహారాజు, గ్రాంట్ గోవన్, డిమెల్లోలతో ఆయన జరిపిన సంభాషణలనుండియే మన క్రికెట్టు బోర్డు పుట్టినది. 1932లో లార్డ్స్ మైదానమున మన తొలి టెస్టు జట్టును నడిపినవాడు నాయుడే.

1928-29లో టేటు మరల ఆస్ట్రేలియాకు వెళ్ళెను. ఈమారు ఇంగ్లండు నాలుగు టెస్టులు గెలిచినది. టేటునకు దొరకినవి 17 వికెట్లే. పట్టికను చూచి ఆయన తగ్గెననువారు, ఒక కొననుండి పరుగులు రానీయక గంటలకొలది బంధించి ఆయన చేసిన సేవను గుర్తింపరు. ఆ కొనన విసిగినవారు ఈ కొనన లార్‌వుడ్, వైట్‌లకు వికెట్లిచ్చిరి. ఆ శ్రేణిలోనే బ్రిస్బేను నగరమున ఒక యువకుడు తొలి టెస్టు ఆడుచు 18 పరుగులకు టేటు బంతికి కాలడ్డమై వెడలెను. పేరు బ్రాడ్‌మన్. ఈ కుర్రవాడు తన చేతిలోనివాడని టేటు తలంచెనని చెప్పుదురు. 1930లో ఆ కుర్రవాడు ఇంగ్లండునకు వచ్చి, నాటింగ్‌హామున మొదటి ఇన్నింగ్సులో 8 పరుగులకే టేటు బంతికి స్టంపులు పోగొట్టుకొనెను. తలంపు నిజమైనట్లు కనబడెను. పిమ్మట లీడ్సులో సైతము బ్రాడ్‌మన్ వికెట్టు తీసినవాడు టేటే. అప్పటికి బ్రాడ్‌మన్ చేసియున్నవి 334 పరుగులు.

ఇంతలో 1929లో లార్డ్స్ మైదానమున దక్షిణాఫ్రికాపై టేటు టెస్టులలో తన యేకైక శతకమును చేసెను. బంతి వేయువాడుగా పేరు పడినవాని బ్యాటును జనులు మరచుట గలదు. ఆయన ప్రథమశ్రేణిలో చేసిన శతకములు 23 అనియు, టెస్టులలో 155 వికెట్లతోపాటు 1,198 పరుగులు చేసెననియు ఇచ్చట చెప్పవలసియున్నది.

ముప్పదియైదు దాటిన పిమ్మట అంతటి పని చేసిన శరీరము మెల్లగా లొంగినది. 1932-33లో జార్డిన్ నాయకత్వమున ఆస్ట్రేలియాకు వెళ్ళిన జట్టులో ఆయనయు ఉండెను. బ్రాడ్‌మన్‌ను అణచుటకు శరీరములపైకి బంతులు విసరు క్రొత్త పద్ధతిని జార్డిన్ అవలంబించిన యాత్ర యది. మంచి నిడివిన పడి తిరుగు బంతికి అచ్చట పని లేకపోయెను. ఐదు టెస్టులలో ఒక్కదానియందును ఆయనను దింపలేదు; తిరుగుదారిలో న్యూజిలాండున ఒక టెస్టు మాత్రము ఆడించిరి. ఎనిమిదేండ్ల క్రిందట తన పేరు చెప్పి మెచ్చుకొన్న మైదానముల యంచున కూర్చుండి, తాను నమ్మిన ఆట మరియొక రూపము దాల్చుటను ఆయన చూడవలసివచ్చెను. సొంతయూరికి తిరిగివచ్చిన పిమ్మట కౌంటీకి ఊడిగము మానలేదు. 1932లో దులీప్ సింహజీ నాయకత్వమున సస్సెక్సు కౌంటీ విజేతృత్వమునకు చేరువయ్యెను. ఆ వేసవి చివర దులీప్ క్షయరోగముచే మంచము పట్టెను. జట్టు రెండవ స్థానమున నిలిచెను. 1933లోను, 1934లోను మరల రెండవ స్థానమే. సస్సెక్సువారికి ఆ కిరీటము 2003లో గాని దొరకలేదు. టేటు జీవితకాలమున అది లేనేలేదు.

1935 జూలైలో ఇంగ్లండు సంఘమువారు నలుబదేండ్ల టేటును దక్షిణాఫ్రికాపై ఆడుటకు మరల ఒకమారు పిలిచిరి. పిలిచిన స్థలము మాంచెస్టరు. తండ్రి యేకైక టెస్టు ఏ మైదానమున ముగిసెనో, కొడుకు ముప్పదితొమ్మిదవది, కడపటిది అయిన టెస్టు ఆ మైదానముననే జరిగినది. ఫ్రెడ్ టేటు అప్పటికి జీవించియుండెను. ఆయన 1943 వరకు బ్రతికెను.

1937లో సస్సెక్సు క్లబ్బువారు టేటు సేవలు ఇక అక్కరలేదని తీర్మానించిరి. నలుబదిరెండేండ్లవాని బంతికి పదును తగ్గుట సహజము. క్రొత్తవారికి చోటియ్యవలసిన భారము క్లబ్బుపై నుండుటయు సహజము. ఆ మాటను మేము కాదనము. కాని పాతికేండ్లు తమ ఇంట పుట్టి పెరిగినవానివలె మెలగి, తండ్రికాలమునుండి తమకు చాకిరి చేసినవాని మనస్సు నొవ్వకుండ ఆ మాట చెప్పుటకు మార్గము లేకపోయెనా? ఆయన మనస్సు గాయపడెననియు, ఆ బాధ చాలకాలము వదలలేదనియు ఎరిగినవారు చెప్పిరి. పెద్దమనుష్యుడు ఆట మానినచో కార్యవర్గమున కుర్చీ సిద్ధముగా నుండెడిది. వృత్తివాడు మానినచో జీవనోపాధి వెదకుకొనవలెను.

టేటు తరువాత సస్సెక్సు గ్రామములలో పబ్బు అను పానశాలలు నడిపి జీవించెను. చివరిది వాడ్‌హర్స్టు గ్రామములోని గ్రేహౌండ్. పాత ఆటకాండ్రకు ఆ దేశమున ఇది అలవాటైన వ్యాపారమే. బేరము కొంత బీరువలన, కొంత పేరువలన జరుగును. కథలు చెప్పించుకొనుటకు వచ్చువారికి టేటు విసుగు చూపినవాడు కాడు. పిల్లలకు ఆట నేర్పెను. 1956లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండునకు వచ్చి అరండెల్ కోట మైదానమున తొలి పందెమాడగా, తెల్లని యంగీతో అంపైరుగా నిలిచినవారిలో ఒకడు మారిస్ టేటు. మూడు వారములలో, మే 18వ తేదీన, వాడ్‌హర్స్టున హఠాత్తుగా మరణించెను. అప్పటికి ఆయనకు అరువదియొకటి నిండలేదు. హోవ్ మైదానమునకు ఆయన పేర సస్సెక్సువారు ఇనుప తలుపులు కట్టించిరి. టేటు ద్వారమని దానికి పేరు.